కార్డానో స్టేకింగ్: లాకింగ్ లేదు, పూల్ మాత్రం చూసి ఎంచుకోవాలి

కార్డానో బ్లాక్‌చెయిన్‌లో స్టేక్ చేసినా, అంటే నెట్‌వర్క్ నడవడానికి నాణేలను అండగా పెట్టి రివార్డు పొందినా, దాని నాణెం ఏడీఏ మన వాలెట్ దాటి పోదు. లాకింగ్ లేదు, ఎథీరియంలో లాగా తప్పు జరిగితే స్టేక్‌లో కోత పెట్టే స్లాషింగ్ కూడా లేదు. కొత్తవాళ్లు ధైర్యంగా మొదలుపెట్టవచ్చు. యొరోయ్ వాలెట్‌లో పూల్ (అందరి స్టేక్‌తో లావాదేవీల బ్లాకులు తయారుచేసేది) ఎంచుకుని డెలిగేట్ చేస్తే, అంటే మన స్టేక్‌ను దానికి అప్పగిస్తే చాలు. మొదటిసారి 2 ఏడీఏ డిపాజిట్ పడుతుంది. స్టేకింగ్ రద్దు చేసుకుంటే అది తిరిగొస్తుంది, లావాదేవీ రుసుము మాత్రం తిరిగి రాదు.

పేచీ అంతా పూల్ దగ్గరే. రివార్డు వచ్చిన ప్రతి ఎపోక్‌లో, అంటే 5 రోజులకోసారి, నిర్వాహకుడు ముందు కనీసం 170 ఏడీఏ తీసుకుంటాడు (2023లో తగ్గించే దాకా 340). మిగిలినదాంట్లో తన వాటాగా తీసుకునే మార్జిన్ శాతం ఆ తర్వాత. బ్లాకులు అరుదుగా దొరికే చిన్న పూల్‌లో ఈ స్థిర రుసుమే రివార్డును చాలావరకు మింగేస్తుంది. శాచురేషన్ (ఒక పూల్‌కు ఉన్న స్టేక్ పరిమితి) దాటిన పూల్‌లో చేరితే అందరి వాటా పలచబడుతుంది. మార్జిన్‌ను చడీచప్పుడు లేకుండా పెంచేసేవాళ్లూ ఉంటారు, అప్పుడప్పుడు చూసుకోండి.

మొదటి రివార్డుకు 15 నుంచి 20 రోజులు పడుతుంది, కంగారొద్దు. 2025 జనవరి అప్‌గ్రేడ్ తర్వాత ఇంకో మెలిక: డీరెప్‌కు (కార్డానో నిర్ణయాలపై మన తరఫున ఓటేసే ప్రతినిధికి) ఓటు అప్పగించనిదే రివార్డు బయటకు తీయలేం. ఎవరూ నచ్చకపోతే అబ్‌స్టెయిన్ (ఓటుకు దూరంగా ఉండటం) ఎంచుకున్నా సరిపోతుంది.