రక్షణ (పాపం నుంచి దేవుడిచ్చే విడుదల) గురించి చదవడానికి యూవర్షన్ బైబిల్ యాప్ ఎంతవరకు పనికొస్తుంది?

ఉచితం, ప్రకటనలు ఉండవు. అమెరికాలోని ఓక్లహోమాకు చెందిన లైఫ్.చర్చ్ అనే సంఘం 2008లో మొదలుపెట్టిన యాప్ ఇది. తెలుగులో బైబిల్ సొసైటీ వారి పాత అనువాదంతో పాటు వాడుక భాషలోనూ అనువాదాలున్నాయి. రోజూ చదువుకోవడానికి చక్కగా సరిపోతుంది. కానీ రక్షణలో దేవుని కృప ఎంత, మన బాధ్యత ఎంత అని తెలుసుకోవాలంటే మాత్రం మొదటి తెర దగ్గరే ఆగకూడదు.

అక్కడ కనిపించేది ఆ రోజు వచనం. ఎఫెసీ 2:8 వచ్చిందనుకోండి, కృపచేతనే రక్షింపబడ్డామని చదివి స్టేటస్‌లో పెట్టేసుకుంటాం. సత్క్రియలు చేయడానికే సృష్టింపబడ్డామని చెప్పే 10వ వచనం దాకా వెళ్లం. ఫిలిప్పీ 2:12 ఒక్కటే చదివినవాళ్లది ఇంకో ఇబ్బంది. సొంత రక్షణను భయంతో, వణకుతో కొనసాగించుకోవాలన్న మాట పట్టుకుని భారమంతా తమదేనని కుంగిపోతారు. మీలో కార్యసిద్ధి కలుగజేసేది దేవుడేనని 13లో వెంటనే ఉంది. కాబట్టి వచనం మీద నొక్కి అధ్యాయమంతా తెరవండి. పత్రిక, అంటే విశ్వాసులకు రాసిన ఉత్తరం, చిన్నదైతే మొత్తం చదవండి. ఫిలిప్పీయులకు రాసింది నాలుగే అధ్యాయాలు.

ఈ యాప్ నిజంగా ఉపయోగపడేది పౌలు, యాకోబుల మాటలు పక్కపక్కన పెట్టి చూడాల్సినప్పుడు. క్రియలు లేకుండా విశ్వాసం వల్లనే మనిషి నీతిమంతుడవుతాడని రోమా 3:28లో పౌలు అంటే, విశ్వాసం మాత్రమే కాదు, క్రియల వల్ల అని యాకోబు 2:24లో ఉంది. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుగా నిలబడినట్టుంటాయి. ఇద్దరూ చూపించేది అబ్రాహామునే. అందుకని ఆదికాండము 15, 17, 22 అధ్యాయాలు వరసగా చదివి, విశ్వాసం కనిపించిన చోట ఒక రంగు, విధేయత కనిపించిన చోట ఇంకో రంగు వేయండి. అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అన్నది 15:6లో ఉంది. సున్నతి 17లో వస్తుంది. ఇస్సాకును అర్పించబోవడం 22లో. పౌలు వాదన సున్నతికి ముందే నీతి ఎంచబడిందన్న దాని మీద నిలుస్తుంది (రోమా 4:10). యాకోబు 22వ అధ్యాయం ఎత్తి, అదే విశ్వాసం క్రియల వల్ల పరిపూర్ణమైందంటాడు. ఈ వరస తెలియకుండా వాదించుకున్నంత కాలం ఇద్దరిలో ఒకరిని పక్కన పెట్టాల్సి వస్తుంది, అది అన్యాయం.

తాతల కాలం నుంచి క్రైస్తవులమని చెప్పుకునే కుటుంబాల్లో యెహెజ్కేలు 18 తప్పకుండా చదవాలి. తండ్రి నీతి కొడుకు ఖాతాలోకి రాదు, తండ్రి దోషమూ రాదు. 20వ వచనంతో ఆగిపోతే తీర్పు మాత్రమే మిగులుతుంది. 32 వరకు వెళితేనే మనసు తిప్పుకొని బ్రతకమన్న పిలుపు వినిపిస్తుంది.

వెతకడంలో ఒక చిక్కుంది. ఎఫెసీ 2:8కి పాత అనువాదంలో ఉన్నది "రక్షింపబడి". వాడుక రూపంలో "రక్షించబడి" అని కొడితే ఆ వచనం దొరక్కపోవచ్చు. "రక్ష" వరకే కొట్టి చూడండి, లేదా అనువాదం మార్చండి. అనుబంధ వచనాలు (అదే విషయం చెప్పే వేరే చోటి వచనాలు) వెంబడి వెంబడి చూడాలంటే అచ్చు రెఫరెన్స్ బైబిలే మేలు.

వరసగా ఎన్ని రోజులు తెరిచామో చూపే స్ట్రీక్‌ను ఆత్మీయ ఎదుగుదలకు కొలతగా తీసుకోవద్దు. మన పాపాల గురించి, తీసుకున్న తీర్మానాల గురించి నోట్ రాసుకుంటే, సేవ్ చేసేముందు అది ఇతరులకు కనబడకుండా ప్రైవేట్‌లో ఉందో లేదో చూసుకోండి.