డిగ్రీనా, సీడీఏనా?
అమెరికాలో చైల్డ్ కేర్ సెంటర్‌లో టీచర్ కావాలనుకునేవాళ్లు ఎక్కువగా ఆలోచించేది రెండు దారుల గురించి: ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్‌లో (చిన్నపిల్లల విద్య) అసోసియేట్ డిగ్రీ, లేదా సీడీఏ (చైల్డ్ డెవలప్‌మెంట్ అసోసియేట్) సర్టిఫికెట్. డిగ్రీకి మామూలుగా రెండేళ్లు, దాదాపు 60 క్రెడిట్లు. రెన్యువల్ టెన్షన్ లేదు, పై చదువుకూ పనికొస్తుంది.

సీడీఏకి 120 గంటల శిక్షణ చాలు. కానీ పిల్లల దగ్గర 480 గంటలు పనిచేసి ఉండాలి, పోర్ట్‌ఫోలియో (మీ పనిని చూపించే ఫైలు) తయారు చేయాలి, పరీక్ష రాయాలి. పైగా నిపుణులొకరు మీరు పిల్లలతో ఎలా మెలుగుతున్నారో స్వయంగా గమనిస్తారు. నాకు బాగా నచ్చింది ఇదే. ఏడుస్తున్న పసివాణ్ణి ఊరుకోబెట్టే నేర్పు మార్కుల జాబితాలో కనిపించదు కదా! మూడేళ్లకోసారి రెన్యువల్ మాత్రం తప్పదు.

ఇప్పటికే సెంటర్‌లో అసిస్టెంట్‌గా ఉన్నవాళ్లు ముందు సీడీఏ చేయడమే మేలు. నియమాలు రాష్ట్రానికో రకం, కనుక్కున్నాకే ఫీజు కట్టండి.