డ్యాష్‌బోర్డు మూగబోయినప్పుడు వైర్‌షార్క్

గత వేసవి అంతా నాకు కంప్యూటర్లను నెట్‌వర్క్‌లో కలిపే స్విచ్‌లతోనే గడిచింది. ఒక ఆర్థిక సంస్థకు కోస్తా జిల్లాల్లో ఉన్న 38 శాఖల్లో పాత నెట్‌వర్క్ పరికరాలు తీసేసి కొత్తవి బిగించాలి. పెట్టెలోంచి తీసి కరెంటు, కేబులు ఇస్తే చాలు, కాన్ఫిగరేషన్ దానంతటదే దిగుతుందని అమ్మినవారు చెప్పారు. 30 చోట్ల నిజంగానే దిగింది. మిగిలిన ఎనిమిది చోట్ల నన్ను గట్టెక్కించింది వైర్‌షార్క్, నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లను పట్టి విప్పి చూపించే సాఫ్ట్‌వేర్. అందుకే ఈ సమీక్ష.

కొత్త స్విచ్‌లకు కాన్ఫిగరేషన్ పంపే ఆన్‌బోర్డింగ్ సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను. దాని డ్యాష్‌బోర్డు చూడముచ్చటగా ఉంటుంది. స్విచ్ ఒకసారి సర్వర్‌ను పలకరించిందంటే ఆ తర్వాత ప్రతి అడుగూ చూపిస్తుంది. పలకరించకపోతే మాత్రం ఒక బూడిదరంగు చుక్క, పక్కన ‘వేచి ఉంది’ అన్న మాట, అంతే. ఖాళీ బుర్రతో నిద్రలేచిన స్విచ్ ముందు డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచిపెట్టే పద్ధతి) ద్వారా ఐపీ చిరునామా అడుగుతుంది. ఆ జవాబులోనే ‘ఆప్షన్ 43’ అనే గడిలో మా సర్వర్ ఎక్కడుందో రాసి పంపుతాం. ఈ తతంగమంతా డ్యాష్‌బోర్డు పుట్టకముందు కథ. దానికి తెలిసే అవకాశమే లేదు.

నరసరావుపేట శాఖలో మధ్యాహ్నం మూడింటికి ఆ బూడిదరంగు చుక్కే చూస్తూ కూర్చున్నాను. స్విచ్ బిగించిన కుర్రాడు “లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి సార్” అని నాలుగోసారి అన్నాడు. కొత్త స్విచ్ తగిలించి ఉన్న పై స్విచ్‌లో పోర్ట్ మిర్రరింగ్ (ఒక పోర్టులో పోయేదాని నకలు ఇంకో పోర్టుకు పంపడం) పెట్టి, ల్యాప్‌టాప్ తగిలించి వైర్‌షార్క్ తెరిచాను. ఫిల్టర్ గడిలో డీహెచ్‌సీపీ అని కొట్టగానే నాలుగు వరుసలు వచ్చాయి: డిస్కవర్ (చిరునామా ఇచ్చేవారున్నారా అన్న కేక), ఆఫర్ (ఇదిగో అన్న జవాబు), రిక్వెస్ట్ (అదే ఇవ్వండి), ఏక్ (సరే). చిరునామా దక్కింది. ఆప్షన్ 43 కూడా వచ్చింది. మరి సర్వర్ వైపు ఒక్క ప్యాకెట్టూ ఎందుకు కదలడం లేదు?

ఆ ఆప్షన్ మీద నొక్కితే కింది గడిలో దాని బైట్లు వెలుగుతాయి, ఎడమవైపు ఒక్కో బైటుకు రెండేసి గుర్తులుండే హెక్స్ అంకెలు, కుడివైపు అక్షరాలు. కుడివైపు పదిసార్లు చదివాను, అంతా సరిగ్గానే కనిపించింది. ఎడమవైపు చదివితే తెలిసింది. విభజన గుర్తు ఉన్న ప్రతిచోటా 3బి ఉంది, ఒక్కచోట 3ఎ. 3బి అంటే సెమీకోలన్, 3ఎ అంటే కోలన్. మా బృందంలోనే ఎవరో ఐపీ తర్వాత పోర్టు రాసే అలవాటుకొద్దీ మధ్యలో కోలన్ కొట్టారు. స్విచ్‌కు ఆ వాక్యం అర్థం కాలేదు, అర్థం కాలేదని చెప్పే దారీ దానికి లేదు. అదే వరుసను మరో నాలుగు శాఖలకూ కాపీ చేశాం. ఒక్క చుక్క గీత దిద్దితే ఐదు శాఖలు లేచాయి.

ఇంకో రెండు శాఖల్లో డిస్కవర్‌లే తప్ప ఆఫర్ లేదు. స్విచ్ సుమారు 4, 8, 16 సెకన్లు, ఇలా ఎడం పెంచుకుంటూ అరుస్తూనే ఉంది. రౌటర్‌లో హెల్పర్ అడ్రస్ (ఆ కేకను దూరాన ఉన్న డీహెచ్‌సీపీ సర్వర్‌కు చేరవేసే అమరిక) మరిచిపోయాం. ఇక్కడ కొత్తవారికి ఒక హెచ్చరిక. మిర్రరింగ్ లేకుండా మామూలు పోర్టుకు ల్యాప్‌టాప్ తగిలిస్తే డిస్కవర్ కనబడుతుంది, ఎందుకంటే అది అందరికీ వినబడే కేక. ఆఫర్ మాత్రం నేరుగా ఆ స్విచ్‌కే వెళ్ళవచ్చు, మీకు కనబడదు. సర్వర్ జవాబివ్వలేదని దాని మీద విరుచుకుపడతారు. నేను ఒకప్పుడు విరుచుకుపడ్డాను, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాను.

ఎనిమిదోది గడియారం గొడవ. స్విచ్ సర్వర్ దాకా వెళ్ళి, అది తన గుర్తింపుగా చూపిన సర్టిఫికెట్ చూసి, వద్దని వెనక్కి తిరిగింది. వైర్‌షార్క్‌లో వద్దన్న ఆ సందేశం (అలర్ట్), సర్టిఫికెట్ చెల్లుబాటు మొదలయ్యే తేదీ రెండూ కనిపించాయి. సమయం అడిగే 123వ పోర్టులో మాత్రం కదలికే లేదు. స్విచ్ గడియారం ఇంకా 1970లోనే ఉంది, దాని లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదు. ఆప్షన్ 42లో టైం సర్వర్ ఇచ్చాక దారికొచ్చింది. మా సర్వర్ సంభాషణను గుప్తపరచడానికి టీఎల్ఎస్ 1.2 వాడుతోంది కాబట్టి ఇంత తెలిసింది. 1.3లో సర్టిఫికెట్ కూడా గుప్తంగానే వెళుతుంది, అప్పుడు వైర్‌షార్క్ ఒక్కటే చాలదు.

ఇక లోటుపాట్లు. పట్టేటప్పటి ఫిల్టర్‌కు ఒక వ్యాకరణం, చూసేటప్పటి ఫిల్టర్‌కు ఇంకో వ్యాకరణం, పదేళ్ళ అనుభవంలోనూ నేను తడబడతాను. పాత పాఠాల్లో డీహెచ్‌సీపీ ఫిల్టర్‌కు బూట్‌పీ అని ఉంటుంది, 2019లో వచ్చిన 3.0 నుంచి ఆ పేరు మారింది. పెద్ద ఫైలు తెరిస్తే ల్యాప్‌టాప్ మూలుగుతుంది. రాత్రంతా నిఘా పెట్టాలంటే దానితోపాటే వచ్చే, ప్యాకెట్లను పట్టి ఫైల్లో రాసే డంప్‌క్యాప్‌కు ఫైళ్ళ పరిమాణం, సంఖ్య చెప్పి వదిలేయడం మేలు, పాతవి చెరిపి కొత్తవి రాసుకుంటుంది. డబ్బు వ్యవహారాలు నడిచే చోట ముందు రాతపూర్వక అనుమతి తీసుకోండి, డీహెచ్‌సీపీ సంగతే తేల్చాలంటే 67, 68 పోర్టులే పట్టండి.

ధర విషయానికొస్తే, ఉచితం. 1998లో జెరాల్డ్ కూంబ్స్ ఈథరియల్ పేరుతో మొదలుపెట్టారు, 2006లో పేరు మారింది, ఇప్పటికీ ఎవరైనా దింపుకోవచ్చు. 5కి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది ఫిల్టర్ల వ్యాకరణానికి.

నరసరావుపేట కుర్రాడికి కూడా ఆ రోజే వైర్‌షార్క్ ఎక్కించి ఇచ్చాను. అంతకుముందు అతనిది ఒకటే వైద్యం, స్విచ్‌తో నేరుగా మాట్లాడే కన్సోల్ కేబుల్ పెట్టి ఎంటర్ కొట్టడం. మా స్విచ్‌లలో అలా కొట్టి ప్రశ్నలకు జవాబిస్తే ఆటోమేటిక్ పని అక్కడితో ఆగిపోతుంది, మళ్ళీ మొదటికి రావాలి. మొన్న ఫోన్ చేశాడు. “సార్, డిస్కవర్‌లు వస్తున్నాయి, ఆఫర్ లేదు. మిర్రర్ పెట్టే చూశాను” అన్నాడు. హెల్పర్ అడ్రస్ చూడమన్నాను.