కోనసీమా, పెనుకొండా, చోడవరమా: సొంత తిండికి ఏ నేల మేలు?

"రెండు మూడెకరాలు కొనుక్కుని మన తిండి మనమే పండించుకుందామనుకుంటున్నాం, ఏ వైపు కొంటే మంచిది?" లాక్‌డౌన్ నాటి నుంచి ఈ ప్రశ్న వినని నెల లేదు. నిరుడు మేం చోడవరం అవతల కొండల వైపు రెండున్నర ఎకరాలు కొన్నాక అడిగేవాళ్ళు ఇంకా పెరిగారు. లాభాల వ్యవసాయం సంగతి కాదు నేను చెప్పేది. నెల రోజులు కరెంటు రాకపోయినా, లారీలు ఆగిపోయినా ఇల్లు గడవాలి అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు మేం నాలుగో అంతస్తులో ఉన్నాం. కింద సంపు నిండా నీళ్ళున్నాయి, పైకెక్కించే కరెంటు లేదు. బట్టలారేసే నైలాన్ తాడు బకెట్టుకు కట్టి తోడుకుని, మెట్ల మీదుగా మోసుకున్నాం. మా ఆవిడ అరచేతులు బొబ్బలెక్కాయి. ఐదో రోజు దారి తెరుచుకున్నాక అత్తగారి ఊరు వెళ్ళాం. అక్కడా కరెంటు లేదు, పెరట్లో జీడిమామిళ్ళు నేలకొరిగాయి. మా అత్తగారు మాత్రం రోజూలాగే నూతి దగ్గర గిలక మీంచి చేద వదులుతోంది. ఐదు బారల చేంతాడు, అంతే. "కరెంటు పోతే నీళ్ళకేం లోటు బాబూ?" అంది.

ఆ రోజు నుంచి ఎక్కడ భూమి చూసినా నాది ఒకటే ప్రశ్న. మే నెలాఖరులో, కరెంటు లేకుండా, చేత్తో నీళ్ళు తీసుకోగలమా? బోర్లో నీళ్ళు పడ్డాయా అన్నది కాదు, ఎంత లోతులో ఉన్నాయన్నదే లెక్క. మామూలు చేతిపంపు నూట యాభై అడుగుల దాకా లాగుతుంది. అంతకన్నా లోతైతే మోటారే దిక్కు.

ఆ లెక్కన కోనసీమదే మొదటి మార్కు. 1852లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి అక్కడ నీళ్ళ కరువు పెద్దగా లేదు. పది పదిహేను అడుగులు తవ్వితే ఊట. ఒండ్రు నేల, రెండు పంటల వరి, కొబ్బరి, అరటి, కంద. నాలుగెకరాలవాడు తినగా మిగిలింది అమ్ముకుంటాడు. కానీ ఆ నీళ్ళే ఇంట్లోకీ వస్తాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 17.75 అయితే మూడోది. లంకల్లో ఉండేవాళ్ళకి ఈ అంకెలు నోటికి వచ్చు. వరద ముంచిన నుయ్యి కొన్నాళ్ళు తాగడానికి పనికిరాదు. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ ఉప్పు నీళ్ళు, రొయ్యల చెరువులు. 1996 నవంబర్ తుఫానుకి పడిపోయిన కొబ్బరితోటలు మళ్ళీ కాపుకి రావడానికి ఆరేడేళ్ళు ఆగాల్సొచ్చింది. పైగా అక్కడ ఎకరం ధర వింటే మా బడ్జెట్ అక్కడికక్కడే ఆగిపోయింది. పుట్టిన ఊరో, తాతల ఇల్లో ఉన్నవాళ్ళు మాత్రం ఇంకెక్కడా వెతకక్కర్లేదు, ఏటిగట్టుకి లోపల మెరక చూసుకుని అక్కడే ఉండండి.

రాయలసీమలో పెనుకొండ, మడకశిర వైపు దీనికి పూర్తి తిరగేత. వరద లేదు, తుఫాను లేదు, ఎండ పుష్కలం కాబట్టి సోలార్‌కి దిగుల్లేదు. గింజ నిల్వ చేసుకోవడానికి అంత పొడి నేల దొరకదు. పూర్వం జొన్నలు పాతరేసి ఏళ్ళ తరబడి ఉంచుకునేవాళ్ళు. కోనసీమలో గొయ్యి తీస్తే గింజల కన్నా ముందు నీళ్ళొస్తాయి. కియా ఫ్యాక్టరీ వచ్చాక రోడ్డు పక్క ధరలు పెరిగాయి గానీ, లోపలి ఊళ్ళలో ఇప్పటికీ అందుబాటులోనే ఉన్నాయి.

వాన మాత్రం ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు. తక్కువని కొట్టిపారేయకండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద పడేదే యాభై వేల లీటర్లు. సగానికి పైగా పట్టుకోగలిగితే ఐదుగురికి ఏడాది పొడుగునా తాగడానికి, వంటకి సరిపోతుంది. ఇబ్బంది అంతా ఆ తర్వాతే. రెండు ఆవులకు రోజుకు వంద లీటర్లకు పైనే కావాలి, కూరపాదులకు అంతకన్నా ఎక్కువ. దానికి బోరే గతి, అది ఐదొందలు, ఏడొందలు, ఒక్కోచోట వెయ్యి అడుగులు. సోలార్ పంపు పెట్టొచ్చు, కానీ పంపు కాలిపోతే బాగుచేసేవాడు రావాలి, సామాను రావాలి. హంద్రీ-నీవా కాలువ నీళ్ళు కూడా శ్రీశైలం జలాశయం నుంచి మోటార్లతో ఎత్తి పోసేవే. నా ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరకలేదు. గొర్రెలు, రాగి, కంది, చింత చెట్లతో సర్దుకోగలిగి, ముందు నీటికుంట తవ్వి తర్వాత ఇల్లు కట్టే ఓపిక ఉన్నవాళ్ళు నిలబడగలరు.

జహీరాబాద్ గురించి కూడా అడుగుతున్నారు. పస్తాపూర్ చుట్టుపక్కల చిన్న రైతు ఆడవాళ్ళు చిరుధాన్యాల విత్తనాలు ఏళ్ళ తరబడి కాపాడుకొస్తున్నారు, వెళ్ళి చూసి నేర్చుకోవలసిన చోటు. కొనడానికైతే హైదరాబాద్ ధరల సెగ అక్కడిదాకా తగిలింది. అరకు, పాడేరు మర్చిపోండి. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. గిరిజనుల భూమి వాళ్ళకే ఉండాలి.

ఇక మేం కొన్న చోటు. చోడవరం, మాడుగుల పక్క తూర్పు కనుమల కింద, ఏజెన్సీ హద్దుకి ఇవతల. వాన వెయ్యి మిల్లీమీటర్ల పైమాటే, నైరుతికి కొంత, అక్టోబర్ వాయుగుండాలకి కొంత. కొండల నుంచి గెడ్డలు, అంటే వాగులు, దిగుతాయి, మెరక కాబట్టి నీరు నిలవదు. పల్లంలో వరి, మెట్టలో చోడి (రాగినే ఇక్కడ అలా అంటారు), గట్ల మీద కంది, వెనక జీడిమామిడి. బెల్లం చుట్టుపక్కల గానుగల్లోనే దొరుకుతుంది. అంటే ఉప్పు, నూనె తప్ప సంతకి వెళ్ళే పని తక్కువ. మా భూమిలో పాత నేలనుయ్యి ఉంది. కొనకముందు రెండేళ్ళు వరసగా మే ఆఖరి వారంలో వెళ్ళి, తాడుకి రాయి కట్టి దింపి చూశాను. రెండుసార్లూ నిలువు లోతు నీళ్ళున్నాయి. ఆ తడి తాడు చేతిలో పట్టుకున్నాకే అడ్వాన్స్ ఇచ్చాం.

లోపాలు లేవా? ఉన్నాయి. తుఫాను గాలి ఇక్కడికీ వస్తుంది, అందుకే ఇంటి పక్క పెద్ద చెట్లు పెట్టలేదు. కోతులు, అడవిపందులు కంటి మీద కునుకు ఉంచవు. మొదటి ఏడాది వేరుశెనగ మడి ఒక్క రాత్రిలో తవ్వి పోశాయి. గింజకి పురుగు తొందరగా పడుతుంది, ఎండబెట్టి వేపాకు కలిపి డబ్బాల్లో పెడుతున్నాం.

మీరూ ఇటు చూస్తే బేరం మాత్రం వేసవిలోనే ఆడండి. శ్రావణంలో ఏ భూమైనా పచ్చగానే కనిపిస్తుంది. అడంగల్, 1బీ అనే పొలం రికార్డులు చూసి, సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల్లో, ఉందేమో అడగండి. అది డి-పట్టా భూమి, అంటే సర్కారు పేదలకు పంచింది, అయితే కాగితాలు ఎంత బాగున్నా వద్దు. ఆ తర్వాత పక్క పొలం వాళ్ళ నూతి దగ్గరికి వెళ్ళి ఓ చేద నీళ్ళు తోడించుకుని తాగండి. చేంతాడు ఎన్ని బారలో అప్పుడే లెక్కపెట్టుకోండి.