హాప్స్ కొనేవారికి హెచ్చరిక: సంచి మీద పంట సంవత్సరం లేకపోతే డబ్బు కట్టకండి

మే నెలలో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న హాప్స్ (బీరుకు చేదు, పరిమళం ఇచ్చే తీగ పూలు) గుళికల వల్ల నా 19 లీటర్ల కెగ్‌లోని (గ్యాసు ఎక్కించే పీపా) హాప్స్ సోడా మొత్తం కాలువపాలైంది. మా నాన్నగారు ఒక్క గుక్క తాగి, ఏమీ అనకుండా గ్లాసు పక్కన పెట్టేశారు. డబ్బు పోయినదానికన్నా అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మీలో ఇంకెవరూ ఇలా మోసపోకూడదని ఇది రాస్తున్నాను.

నేను చేసేది బీరు కాదు. అమెరికాలోని ఓరెగన్‌లో ఉన్నంతకాలం ఇంట్లోనే బీరు తయారుచేసుకునేవాణ్ణి. అక్కడి చట్టం అందుకు ఒప్పుకుంటుంది. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా చేస్తే నేరం, అందుకని చిత్తూరు వచ్చాక మానేశాను. హాప్స్ పరిమళం మీద మమకారం మాత్రం పోలేదు. అదే కెగ్‌లో, హాప్స్‌ను మరిగించకుండా నానబెట్టే అదే డ్రై హాపింగ్ పద్ధతిలో, మత్తు లేని హాప్స్ సోడా చేసుకుంటున్నాను: కాచి చల్లార్చిన నీళ్లు, నిమ్మరసం, హాప్స్, సోడా గ్యాసు. వేసవిలో మా ఇంట్లో నన్నారి షర్బత్ తరువాత అందరూ అడిగేది ఇదే.

డ్రై హాపింగ్‌లో సరుకు నాణ్యతే సర్వస్వం. బీరు కాచేటప్పుడు వేసే హాప్స్ గంటసేపు మరిగి చేదునిస్తాయి, వాటి వాసన చాలావరకు ఆవిరితో పోతుంది. డ్రై హాపింగ్‌లో మరిగించడమే ఉండదు. పులియడం దాదాపు పూర్తయ్యాక చల్లని బీరులో హాప్స్ వేసి మూడు నాలుగు రోజులు నాననిస్తారు. వాడిన కరివేపాకు సాంబారులో మరిగితే ఎవరికీ తెలియదు, అదే మజ్జిగలో నలిపి వేస్తే మొదటి గుక్కలోనే దొరికిపోతుంది. ఇదీ అంతే.

నాకు వచ్చిన సంచి మీద ‘వాక్యూమ్ ప్యాకింగ్’ అని ఉంది. అలాంటి సంచి ఇటుకలా బిగుసుకుని ఉండాలి. ఇది దిండులా ఉబ్బి, నొక్కితే గాలి కదులుతోంది. ‘క్యాస్కేడ్’ అనే హాప్స్ రకం పేరు, ‘అమెరికా సరుకు, తాజా’ అని పెద్ద అక్షరాలు ఉన్నాయి గాని, పంట సంవత్సరం లేదు, చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాల శాతం లేదు, ఆహార పదార్థాల మీద ఉండాల్సిన 14 అంకెల లైసెన్సు నంబరూ లేదు. ప్యాకింగ్ తేదీ ఒక్కటే కొత్తగా ముద్రించి ఉంది. కత్తిరించి చూస్తే పచ్చగా ఉండాల్సిన గుళికలు పాత టీ పొడి రంగులో ఉన్నాయి. వేళ్ల మధ్య నలిపితే జిగురు తగలలేదు, పొడిపొడిగా రాలిపోయాయి. క్యాస్కేడ్ నలిపితే దబ్బపండు తొక్క గిల్లినట్టు గుప్పుమనాలి. దీని నుంచి వచ్చింది చెమటలో నానిన మేజోళ్ల వాసన. అది ఊరికే అన్న పోలిక కాదు. హాప్స్ వేడికీ గాలికీ పాతబడితే ఐసోవలెరిక్ ఆమ్లం పుడుతుంది, పాదాల చెమటలో వాసన కొట్టేదీ అదే. అక్కడే ఆగి ఉండాల్సింది. నీళ్లలో పడితే సర్దుకుంటుందేమోనని 25 గ్రాములు వేశాను.

అమ్మకందారుకు ఫోటోలు పంపితే, బెల్జియంలో పాత హాప్స్‌నే కోరి వాడతారని జవాబు వచ్చింది. సగం నిజం అబద్ధం కంటే ప్రమాదకరం. అక్కడి లాంబిక్ బీరుకు ఏళ్ల తరబడి నిలవ ఉంచిన హాప్స్ వాడే మాట నిజమే. కానీ వాటిని గంటల తరబడి మరిగిస్తారు, వాసన కోసం వేయరు. పైగా మనకు అమ్మింది ‘తాజా’ అని చెప్పి కదా! సంచి తెరిచారు కాబట్టి వాపసు తీసుకోబోమని చెప్పారు.

హాప్స్ వేసి కెగ్‌లో నానబెట్టడానికి వాళ్ల దగ్గరే కొన్న జల్లెడ గొట్టం కథ ఇంకొకటి. 304 రకం, అంటే తుప్పు పట్టని స్టీలు అన్నారు. రెండు రోజులు నానేసరికి లోపలి అతుకు పొడవునా గోధుమరంగు గీత పడింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల పైపులకు వెల్డింగు చేసే మేస్త్రీకి చూపించాను. గోటితో గీకి, ‘‘ఇది 304 అయినా అతుకు శుభ్రం చేయకుండా వదిలేశారు సార్, పుల్లటి దాంట్లో పెడితే తుప్పు పట్టక ఏం చేస్తుంది? మా దగ్గరైతే దీన్ని గుజ్జు దరిదాపులకు కూడా రానివ్వరు’’ అన్నాడు. మూత కూడా వదులు. ఆ సందులోంచి హాప్స్ పొడి జారి సోడా బయటికి వచ్చే కెగ్ వాల్వులో ఇరుక్కుంది, సోడా చుక్కలు చుక్కలుగా వచ్చింది.

ఇలా అడ్డుపడితే దయచేసి తొందరపడి వాల్వు విప్పకండి. ముందు గ్యాసు గొట్టం తీసేసి, మూత మీది రింగు లాగి, బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగాకే పానా పట్టండి. గ్యాసు ఎక్కిన కెగ్‌లో గుళికలు పోయడమూ అంతే ప్రమాదం, నురగ ఒక్కసారిగా పైకి చిమ్ముతుంది. పిల్లలు పక్కనుంటే మరీ జాగ్రత్త.

మరో మాట. పాడైన హాప్స్‌ను, నానిన పిప్పిని వీధిలో పారేయకండి. కుక్కలు తింటే ఒంటి వేడి విపరీతంగా పెరిగి ప్రాణాలు పోవచ్చు. నేను పెరట్లో లోతుగా గుంట తీసి పూడ్చాను.

హాప్స్‌కు 1,650 రూపాయలు, గొట్టానికి 1,200 పోయాయి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆన్‌లైన్ అమ్మకాల నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. బిల్లు, సంచి రెండు వైపుల ఫోటోలు, తెరుస్తున్నప్పటి వీడియో దాచుకోండి. నా దగ్గర వీడియో లేదు, అమ్మకందారు ఇప్పుడు దాన్నే పట్టుకుని కూర్చున్నాడు.

ఇకమీద నేను కొనేముందు పంట సంవత్సరం కనిపించేలా సంచి ఫోటో అడుగుతాను. అమెరికాలో హాప్స్ కోత ఆగస్టు, సెప్టెంబరుల్లో జరుగుతుంది కాబట్టి ఆ ఒక్క సంవత్సరం తెలిస్తే వయసు లెక్క తేలిపోతుంది. సరుకును ఫ్రీజర్‌లో ఉంచారా, గోదాములో ఉంచారా అనీ అడుగుతాను. మే నెల ఎండలో నాలుగు రోజులు కొరియర్ బండిలో తిరిగే సరుకు తెప్పించుకోను, చలికాలంలో కొని మైనస్ 18 డిగ్రీల్లో దాచుకుంటాను. కెగ్‌లో వేసేముందు ఒక గుళికను గ్లాసు చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే వాసన చూస్తాను.