నల్లకోటు జేబులో ఫోను: వాడి చూసిన మాట

నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో జూనియర్‌గా చేరినప్పటి నుంచి యూట్యూబ్, వాట్సాప్, టెలిగ్రామ్, లింక్డ్‌ఇన్ రోజూ వాడుతున్నాను. నాకు ఎక్కువ అక్కరకొచ్చింది యూట్యూబ్. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాల విచారణలు 2022 సెప్టెంబరు 27 నుంచి ప్రత్యక్ష ప్రసారమవుతున్నాయి. న్యాయమూర్తి మధ్యలో ప్రశ్న వేయగానే చేయి తిరిగిన న్యాయవాది రాసుకొచ్చిన నోట్సు పక్కన పెట్టి ముందు దానికే జవాబిస్తాడు. ‘ఆ విషయానికి తర్వాత వస్తాను’ అన్నవాడి వాదన అక్కడే చప్పబడుతుంది. ఈ తేడా ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

వాట్సాప్ విలువ 2024 జులై 1న, కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చిన రోజున తెలిసింది. పాత, కొత్త సెక్షన్లను పక్కపక్కన చూపే పట్టికలు న్యాయవాదుల (బార్) గ్రూపుల్లో చేతులు మారాయి. నేర విచారణ పద్ధతిని చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో ముందస్తు బెయిలు 438వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 482. హైకోర్టుకున్న స్వతస్సిద్ధ అధికారాల పాత 482 ఏమో 528 అయింది. సీనియర్ గారు ‘482 వేసెయ్’ అంటే ఏ 482 అని అడిగి తీరాలి!

అయితే గ్రూపుల్లో తిరిగే తీర్పుల సారాంశాలను నేను ఆచూకీగానే తీసుకుంటాను. అసలు లేని తీర్పులను కూడా కృత్రిమ మేధ సృష్టిస్తున్న కాలమిది. సుప్రీంకోర్టు తీర్పుల ఆన్‌లైన్ భాండాగారం ఈ-ఎస్‌సీఆర్‌లో తీర్పులు ఉచితంగానే దొరుకుతాయి. అక్కడ పూర్తి పాఠం చదవకుండా పిటిషన్‌లో ఉటంకించడం దుస్సాహసం.

‘బెయిలు కావాలా? వెంటనే ఫోన్ చేయండి’ అనే రీల్స్ చూస్తే ఒళ్లు మండుతుంది. ప్రకటనలతో కక్షిదారులను ఆకర్షించడాన్ని న్యాయవాద వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నిబంధన నిషేధిస్తోంది. 2008 సవరణ న్యాయవాది తన వెబ్‌సైటులో పేరు, చిరునామా, అర్హతల వంటి కొద్ది వివరాలకే వీలిచ్చింది. చట్టం గురించి తెలుగులో నాలుగు మాటలు విడమరిచి చెప్పేవారి సంగతి వేరు, వారిని నేనూ అనుసరిస్తాను. కక్షిదారుతో ఫొటో దిగి కేసు సంగతులు రాసేవారిని మాత్రం వెంటనే వదిలేస్తాను.

లింక్డ్‌ఇన్ నిండా ఆత్మస్తుతే. అయినా ఇంట్లో వకీళ్లెవరూ లేకుండా జిల్లాల నుంచి ఉస్మానియాకు వచ్చి లా చదివే పిల్లలకు ఇంటర్న్‌షిప్ కబురు ముందు అందేది అక్కడే. ‘సర్, అవకాశం ఇవ్వండి’ అని రాసేవారు కోకొల్లలు. మీరు ఇంటర్న్‌షిప్ అడిగేటప్పుడు ఈమధ్య వచ్చిన తీర్పు ఒకటి చదివి, రెండు పేజీల్లో సొంత మాటల్లో రాసి జతచేయండి. మా ఆఫీసులో అలా రాసినవారినే పిలుస్తారు.