అలాస్కా క్రూయిజ్‌కు ఆడవాళ్ళ పెట్టెలో ఏమి ఉండాలి: చీరా, ప్యాంటా? పెద్ద కోటా, పలచని పొరలా?

సియాటిల్ వైపు పిల్లలున్న విశాఖ ఇళ్ళలో వేసవి ముదిరేసరికి ఈ చర్చ మొదలవుతుంది. పిల్లలు అక్కడ అలాస్కా ఓడకు టికెట్లు తీస్తారు, ఇక్కడ అమ్మ బీరువా తెరిచి కూర్చుంటుంది. చలి అనగానే మనకు గుర్తొచ్చేవి అరకు, లంబసింగి. అక్కడికి తీసుకెళ్ళే లావుపాటి స్వెటరు, మంకీ క్యాపు పెట్టెలో పడేస్తే సరిపోతుందనుకుంటాం. కానీ లంబసింగి చలి తెల్లవారుజామున వణికించి, ఎండ ఎక్కగానే తప్పుకుంటుంది. అలాస్కా తీరంలో మేఘం కమ్మిన రోజున చలి పొద్దున ఎలా ఉందో సాయంత్రమూ అలాగే ఉంటుంది, పైగా తడిగా ఉంటుంది.

అలాగని బెంబేలెత్తాల్సిన పనీ లేదు. జూలైలో అలాస్కా రాజధాని జూనో నగరంలో పగటి ఉష్ణోగ్రత 17, 18 డిగ్రీల దాకా వెళ్తుంది. విశాఖలో సంక్రాంతి ముగ్గులు వేసే వేళకు ఉండే చలి దాదాపు అంతే. ఇబ్బంది పెట్టేవి గాలి, వాన. ఓడ గంటకు నలభై కిలోమీటర్ల దరిదాపు వేగంతో పోతున్నప్పుడు, బయట ఆకు కదలకపోయినా ఓడ పైన ఆరుబయట ఉండే డెక్కు మీద నిలబడ్డవాళ్ళ ముఖానికి అంత గాలీ కొడుతుంది. పది డిగ్రీల చలి ఆ గాలిలో ఆరు డిగ్రీల్లా తగులుతుంది. ఇక కెచికన్ అనే రేవు పట్టణంలో ఏడాదికి కురిసే వాన మన విశాఖలో కురిసేదానికి మూడింతలకు పైనే. కాబట్టి ఏ బట్ట చేతిలోకి తీసుకున్నా ముందు చూడాల్సింది అది గాలిని ఆపుతుందా, తడిస్తే త్వరగా ఆరుతుందా అని. వెచ్చదనం ఆ తర్వాతి లెక్క.

పెద్ద కోటా, పలచని పొరలా?

పెద్ద కోటుకు ఉన్న సుగుణం ఒక్కటే, ఒకసారి తొడుక్కుంటే ఇక ఆలోచించనక్కరలేదు. గ్లేసియర్ బే లాంటి చోట అది పనికొస్తుంది. అక్కడ ఓడ ఏ రేవులోనూ ఆగదు, హిమానీనదాల ముందు నెమ్మదిగా తిరుగుతూ గంటలు గడుపుతుంది. అందరూ డెక్కు మీదే ఉంటారు. అయితే ఎంతసేపని నిలబడతాం? కాసేపటికి టీ కోసం లోపలికి వస్తాం. లోపల వెచ్చగా ఉంటుంది, ఆ కోటును విప్పి చంకన పెట్టుకుని తిరగాలి. మళ్ళీ ఎవరో తిమింగలం అని కేకేస్తారు, మళ్ళీ తొడుక్కోవాలి.

పొరలతో ఈ బాధ లేదు. ఒంటికి అంటుకుని థర్మల్ అనే ఒక సన్నని వెచ్చని లోదుస్తు, దాని మీద ఫ్లీసు అనే మెత్తని నూగు సింథటిక్ బట్ట గానీ ఉన్ని స్వెటరు గానీ, అన్నిటికీ పైన టోపీ కుట్టి ఉన్న, వానను, గాలిని ఆపే జర్కిన్. ఈ జర్కిన్ ఒక సైజు పెద్దది కొనాలి, తుంటి కిందికి రావాలి. లోపల స్వెటరు పట్టనంత బిగువైన జర్కిన్ కొని ఏమి లాభం? ఈకలు నింపిన జర్కిన్లు తేలిగ్గా ఉంటాయి, మడిస్తే చిన్న సంచిలో ఇమిడిపోతాయి. చలికి కీళ్ళు పట్టేసే పెద్దవాళ్ళకు అవే మేలు. కాకపోతే ఈకలు తడిస్తే ముద్దకట్టి వెచ్చదనం పోతుంది, కాబట్టి వానలో దాని మీద మరో జర్కిన్ తప్పదు.

ఒంటికి తగిలే పొర మాత్రం నూలుది వద్దు. పొందూరు ఖద్దరు నేసే సీమ పక్కన ఉండేవాళ్ళకు ఇది మింగుడుపడదని తెలుసు. నూలు చెమటను, వాన నీటిని పీల్చుకుని తనలోనే ఉంచుకుంటుంది. విశాఖ ఉక్కలో హాయినిచ్చే ఆ గుణమే అక్కడ వణుకు పుట్టిస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుకుంటుంది, సింథటిక్ ఇట్టే ఆరుతుంది. అమ్మాయిలు ప్రాణప్రదంగా చూసుకునే జీన్సు కూడా నూలే. ఒకసారి తడిస్తే క్యాబిన్ స్నానాలగదిలో మర్నాటికీ ఆరదు. ఒక జత ఓడ లోపల తిరగడానికి ఉంటే చాలు.

చీరా, పంజాబీ డ్రెస్సా, ప్యాంటా?

నా తీర్పు: పగలు ప్యాంటు, రాత్రి భోజనానికి చీర. పంజాబీ డ్రెస్సుకు మధ్యే మార్గమన్న పేరుంది గానీ ఈ వాతావరణంలో అది రెంటికీ చెడుతుంది. పొడుగు కమీజు జర్కిన్ కింద నుంచి వేలాడుతూ తడుస్తుంది, చున్నీని గాలి లాగేసుకుంటుంది. అదే అలవాటైనవాళ్ళు మోకాలికి పైన ఆగే కుర్తీ, లోపల వైపు ఉన్ని ఉన్న లెగ్గింగ్స్ తీసుకుని, చున్నీకి బదులు మెడకు మఫ్లరు చుట్టుకుంటే సరి.

చీర సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. స్కాగ్వే అనే రేవు పట్టణంలో వైట్ పాస్ రైలు ఉంది. 1898 నుంచి 1900 వరకు, బంగారం కోసం జనం ఎగబడిన రోజుల్లో వేసిన దారి అది. పెట్టెల చివర బయట నిలబడి కొండలు చూడడానికి చోటుంటుంది. ఆ గాలిలో ఒక చెయ్యి కొంగుకు, ఒక చెయ్యి కమ్మీకి పోతే ఫోను ఎవరు పట్టుకుంటారు? జూనోలో తిమింగలాలు చూపించే చిన్న పడవల్లోనూ అంతే. కుచ్చిళ్ళు తడిసి మడమలకు చుట్టుకుంటే నడవడమే ప్రమాదం.

అయినా, జీవితమంతా చీరే కట్టిన అరవై దాటిన ఆవిడకు బలవంతంగా ప్యాంటు తొడిగించే పిల్లల పట్టుదల నాకు నచ్చదు. ఆవిడకు దారి ఉంది. లంగా లోపల థర్మల్ ప్యాంటు, బ్లౌజుకు బదులు మెడ దాకా వచ్చే పొడుగు చేతుల ఉన్ని టాపు, మడమకు పైకి ఎత్తి కట్టిన జార్జెట్ చీర, పైటను నడుం దగ్గర దోపి పిన్నీసు పెట్టి పైన జర్కిన్. ఓడ మీదికీ, బస్సు ప్రయాణాలకూ ఇది బాగానే నడుస్తుంది. పడవ ఎక్కే రోజుకు మాత్రం ప్యాంటుకు ఒప్పించండి.

రాత్రుళ్ళు లెక్క మారుతుంది. చాలా ఓడల్లో వారంలో ఒకటి రెండు రాత్రులు అందరూ ముస్తాబై భోజనానికి వస్తారు. అక్కడ పట్టుచీరకు సాటి వచ్చే గౌను లేదు, ఈ విషయంలో నేను పక్షపాతినే. ఏ పట్టు అన్నదే ప్రశ్న. ఇస్త్రీ పెట్టెను అగ్నిప్రమాద భయంతో ఓడలోకి రానివ్వరు, ఓడ వాళ్ళ చేత ఇస్త్రీ చేయిస్తే డబ్బు తీసుకుంటారు. కాబట్టి బరువైన కంచిపట్టు కన్నా, నలగని మైసూరు క్రేపు సిల్కు మేలు. నగలు ఇంట్లో ఉంచండి.

శాలువా, గొడుగు, చెప్పులు

ఓడ లోపల స్వెటరు కన్నా శాలువాకే నా ఓటు. ఏసీ హాల్లో నాటకం చూస్తూ మోకాళ్ళ మీద కప్పుకోవచ్చు, చీర మీద నప్పుతుంది కూడా. గొడుగు వద్దు. తుపాను రోజుల్లో బీచ్ రోడ్డు మీద గొడుగు విప్పి చూసినవాళ్ళకు కారణం చెప్పనక్కరలేదు.

కాళ్ళకు మాత్రం రాజీ పడకండి. కెచికన్‌లో క్రీక్ స్ట్రీట్ అంతా వాగు మీద గుంజలు పాతి పరిచిన చెక్క బాట. తడిసిన చెక్క మీద మన చెప్పులు జారతాయి, గుడ్డ స్పోర్ట్స్ షూలు నీళ్ళు పీలుస్తాయి. నీళ్ళు లోపలికి రాని, అడుగున గట్టి పట్టు ఉన్న షూలు కావాలి. వాటితో పాటు ఉన్ని మేజోళ్ళు రోజుకో జత చొప్పున.

కొనుగోళ్ళ విషయానికొస్తే, అలాస్కా ఓడలు ప్రధానంగా మే నుంచి సెప్టెంబరు వరకు నడుస్తాయి. విశాఖలో ఉన్ని సరుకు దొరికేది డిసెంబరు, జనవరుల్లో. మే నెలలో జగదాంబ సెంటరు అంతా తిరిగినా మంచి థర్మల్స్ దొరకడం కష్టం. చలికాలంలోనే కొని దాచుకోండి. జర్కిన్, షూలు సియాటిల్‌లో కొనడమే నయం. స్కూటర్ల మీద వేసుకునే మన రెయిన్ కోటు వానను ఆపుతుంది గానీ, చెమటనూ బయటికి పోనివ్వదు, లోపలి బట్టలు తడుస్తాయి. చీరలు, శాలువా, మఫ్లరు ఇక్కడివే తీసుకెళ్ళండి. షూలను మాత్రం ఓడ ఎక్కడానికి వారం ముందే కొని, ఇంట్లో తొడుక్కుని తిరిగి అలవాటు చేసుకోండి.